ఇంటర్న్‌షిప్ చేశాను, క్రెడిట్లు మాత్రం రావంటున్నారు: అసలు నిబంధనలేమిటి?

తెనాలి వాణిజ్యం (చర్చ ప్రారంభించినవారు)

పెద్దలందరికీ నమస్కారం. నేను ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ చదువుతున్నాను. నాలుగో సెమిస్టర్ పరీక్షలు ముగిసిన మూడో రోజునే మా బాబాయికి తెలిసిన ఒక ఆడిటర్ గారి ఆఫీసులో చేరి, ఎనిమిది వారాల పాటు, ఆదివారాలు తప్ప రోజూ ఉదయం పది నుంచి సాయంత్రం అయిదున్నర దాకా పనిచేశాను. మొదటి పది రోజులూ కొనుగోలు బిల్లులను నెలవారీగా, పార్టీవారీగా విడదీసి దారంతో కట్టడమే నా పని. ఆ తరువాత టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు చేశాను, జీఎస్టీఆర్-1 అనే అమ్మకాల రిటర్ను కోసం అమ్మకాల వివరాలు సిద్ధం చేశాను, చివర్లో రెండు కిరాణా దుకాణాల లెక్కలను దాదాపు నేనే చూశాను. వచ్చేసేటప్పుడు ఆయన లెటర్‌హెడ్ మీద సర్టిఫికెట్ ఇచ్చి, ఒక కవరులో మూడు వేల రూపాయలు కూడా పెట్టి ఆశీర్వదించారు.

కళాశాల తెరిచాక ఆ సర్టిఫికెట్ తీసుకెళ్తే, ముందుగా అనుమతి తీసుకోలేదు, మెంటార్ (పర్యవేక్షించే అధ్యాపకుడు) కేటాయింపు లేదు, ప్రోగ్రామ్ బుక్ (రోజూ చేసిన పని రాసే పుస్తకం) నింపలేదు కాబట్టి, డిగ్రీ పూర్తికి లెక్కలోకి వచ్చే నాలుగు క్రెడిట్లు ఇవ్వలేమని చెప్పారు. మా తరగతిలోనే ఒకమ్మాయి ఇంటి గడప దాటకుండా, ఆన్‌లైన్‌లో పదిహేను వందలు కట్టి, వీడియోలు నడుస్తుండగా వంట చేసుకుని సంపాదించిన సర్టిఫికెట్‌కు మాత్రం ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఎవరి మీదా ఫిర్యాదు చేయాలని కాదు గానీ, క్రెడిట్ రావడానికి ఏమేమి ఉండాలో, నా రెండు నెలల కష్టాన్ని ఇప్పుడైనా లెక్కలోకి తెచ్చుకునే దారి ఉందో లేదో తెలిసినవారు చెప్పగలరు.

మెంటార్ మాస్టారు

అమ్మా, మీరు చేసిన పని మంచిదే, మీ కళాశాల చెప్పిన అభ్యంతరమూ నిజమైనదే. నేను ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో వాణిజ్యశాస్త్రం చెబుతున్నాను, ఇంటర్న్‌షిప్ మెంటార్‌గా ఏటా ముప్పై మందికి తక్కువ కాకుండా పిల్లల పుస్తకాలు దిద్దుతున్నాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యామండలి 2020-21లో సవరించిన పాఠ్యప్రణాళికతో డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది. ఆ ప్రణాళిక ప్రకారం అది మూడు విడతలు. మొదటి సంవత్సరం తరువాతి వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో సంవత్సరం తరువాత రెండు నెలల స్వల్పకాలిక ఇంటర్న్‌షిప్, ఆఖరి సంవత్సరంలో ఒక పూర్తి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్. మొదటి రెండింటికీ నాలుగేసి క్రెడిట్లు, చివరిదానికి పన్నెండు. ఇరవై క్రెడిట్లంటే తక్కువేమీ కాదు, వాటిలో ఏ ఒక్కటి మిగిలిపోయినా డిగ్రీ పట్టా ఆగుతుంది. ఇంతలో పాఠ్యప్రణాళికలు మళ్లీ మళ్లీ మారాయి కాబట్టి, మీరు చేరిన సంవత్సరపు రెగ్యులేషన్ ఏదో దానినే చూడండి. సీనియర్లు చెప్పిన లెక్క మీ బ్యాచ్‌కు వర్తించకపోవచ్చు.

ఇప్పుడు అసలు విషయం. క్రెడిట్ అనేది సంస్థ ఇచ్చేది కాదు, కళాశాల సిఫారసు మీద విశ్వవిద్యాలయం ఇచ్చేది. సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ మీరు అక్కడ ఉన్నారని మాత్రమే చెబుతుంది. మీరు ఏమి నేర్చుకున్నారో, నేర్చుకున్నది మీ చదువుకు ఎలా చెందుతుందో చెప్పవలసింది ప్రోగ్రామ్ బుక్. స్వల్పకాలిక ఇంటర్న్‌షిప్‌కు ఉన్న నూరు మార్కుల్లో రోజువారీ కార్యకలాపాల లాగ్‌కు 25, ఇంటర్న్‌షిప్ మూల్యాంకనానికి 50, మౌఖిక ప్రదర్శనకు 25. సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌కు 200 మార్కులుంటే అందులో 50 అంతర్గతం, 150 బాహ్యం. ఆ 150లో వైవాకు, అంటే మౌఖిక పరీక్షకు 50, సంస్థలోని సూపర్‌వైజర్ ఇచ్చే గ్రేడింగ్‌కు 20. ఈ పట్టికలో ఎక్కడ వెతికినా సర్టిఫికెట్ అనే కాగితానికి విడిగా ఒక్క మార్కు కూడా కనిపించదు. పిల్లలు మాత్రం దానినే లామినేషన్ చేయించి మొదటి పేజీలో పెడతారు.

ముందస్తు అనుమతి ఎందుకని మీరు అడగవచ్చు. కళాశాల పరిచయ లేఖ ఇస్తుంది, సంస్థ అంగీకారం తెలుపుతుంది, మెంటార్‌ను కేటాయిస్తారు, ఆ తరువాతే మొదటి రోజు మొదలవుతుంది. ఈ వరుస లేకపోతే మీరు చేసిన పని మీ కోర్సుకు తగినదో కాదో చూసే బాధ్యత ఎవరికీ ఉండదు. మూడేళ్ల కిందట నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రవాడు రెండు నెలలూ ఒక షోరూములో బండ్లు తుడిచాడు. పని చిన్నదని కాదు, దానిలో బీకాంకు చెందిన విషయం రవ్వంత కూడా లేదు. మొదటివారంలోనే నాకు తెలిసి ఉంటే ఆ షోరూము యజమానితో మాట్లాడి, అదే చోట స్టాకు రిజిస్టరు దగ్గర కూర్చోబెట్టించేవాణ్ణి.

మీ విషయంలో ఒక ప్రశ్న. ఆఫీసులో హాజరు పట్టీలో సంతకం చేసేవారా? రోజూ ఏమి చేశారో ఎక్కడైనా రాసుకున్నారా?

ఆర్20 బ్యాచ్

మాస్టారి వివరణకు ఇంజినీరింగ్ వైపు నుంచి కొంత చేర్చాలని ఉంది. జేఎన్‌టీయూ కాకినాడలో ఆర్20 రెగ్యులేషన్ (2020 నాటి నిబంధనలు) కింద చదివినవాణ్ణి. మాకు రెండో ఏడాది తరువాత చేసే రెండు నెలల వేసవి ఇంటర్న్‌షిప్‌కు ఒకటిన్నర క్రెడిట్, మూడో ఏడాది తరువాత అదే రెండు నెలలకు మూడు క్రెడిట్లు, ఎనిమిదో సెమిస్టర్‌లో ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ కలిపి పన్నెండు ఉండేవి. అంటే ఒకే రాష్ట్రంలో, ఒకే రెండు నెలలకు, బీకాం విద్యార్థికి నాలుగు, బీటెక్ రెండో ఏడాది విద్యార్థికి ఒకటిన్నర. క్రెడిట్ అంటే గంటల కొలత అని పాఠ్యపుస్తకంలో చెప్పుకుంటాం గానీ, ఆచరణలో అది ఒక్కొక్క చోట ఒక్కొక్క మానిక.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 డిసెంబరులో ప్రకటించిన క్రెడిట్ చట్రంలో మాత్రం ఈ కొలత స్పష్టంగా ఉంది. ఇంటర్న్‌షిప్‌లో ఒక క్రెడిట్ అంటే వారానికి రెండు గంటల చొప్పున పదిహేను వారాల సెమిస్టర్‌కు 30 గంటలు. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్లకు 160 అనుకుంటే, వేసవి ఇంటర్న్‌షిప్‌కు రెండు నుంచి నాలుగు క్రెడిట్లు ఇవ్వవచ్చు. మొదటి ఏడాది 40 క్రెడిట్లతో చదువు ఆపి సర్టిఫికెట్ తీసుకోవాలనుకునేవారు అదనంగా నాలుగు క్రెడిట్ల వృత్తివిద్యా కోర్సో ఇంటర్న్‌షిప్పో పూర్తి చేయాలి. ఆ లెక్కన నాలుగు క్రెడిట్లకు 120 గంటలు చాలు. తెనాలి గారు ఎనిమిది వారాలు, వారానికి ఆరు రోజులు, భోజన విరామం తీసేసి రోజుకు ఏడు గంటలు పనిచేశారు. 336 గంటలు! యూజీసీ మానికతో కొలిస్తే పదకొండు క్రెడిట్ల పని.

మెంటార్ మాస్టారు

మీ గుణకారం సరిగానే ఉంది, కానీ గంటలు ఒక హద్దు మాత్రమే. ఇంతకన్నా తక్కువైతే క్రెడిట్ ఇవ్వకూడదని ఆ సంఖ్య చెబుతుంది గానీ, ఎక్కువైతే ఎక్కువ ఇవ్వాలని చెప్పదు. మా కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు కనీసం 180 గంటలు అని మార్గదర్శకాల్లో ఉంది, అంటే అక్కడ క్రెడిట్‌కు 45 గంటలు పడుతుంది. రాష్ట్రం తన అవసరాన్ని బట్టి హద్దును పెంచుకుంది. ఒకటిన్నర క్రెడిట్ సంగతి అన్యాయమేనని నేనూ ఒప్పుకుంటాను. ఇంజినీరింగ్‌లో 160 క్రెడిట్లను ప్రయోగశాలలకూ సబ్జెక్టులకూ పంచాక మిగిలిన దానిని ఇంటర్న్‌షిప్‌కు సర్దారని నా అనుమానం.

అమ్మను నేను

నేను విద్యార్థిని తల్లిని. ఇక్కడ అందరూ గంటలూ మార్కులూ చెబుతున్నారు, ఖర్చు మాట ఎవరూ ఎత్తడం లేదు. మా అమ్మాయి ఆఖరి సెమిస్టర్ మొత్తం ఒక సంస్థలో పనిచేసింది. ఆ ఆరు నెలలూ కళాశాలకు ఫీజు కట్టాము, బస్సు పాసు మేమే కొన్నాము, సంస్థ వారు ఒక్క రూపాయి ఇవ్వలేదు. క్రెడిట్ వస్తోంది కాబట్టి జీతం అక్కర్లేదని సంస్థ వారు, అనుభవం వస్తోంది కాబట్టి ఫీజు తగ్గించనక్కర్లేదని కళాశాల వారు. పైగా మొదటి ఏడాది సర్వే పేరుతో ఊళ్ల మీదికి పంపితే ఎండదెబ్బ తగిలి రెండు రోజులు మంచంలో పడుకుంది. ఆ సర్వే కాగితాలు ఎవరైనా చదివారా అని ఇప్పటికీ నాకు సందేహమే.

మెంటార్ మాస్టారు

సర్వే కాగితాల మాట మీరన్నది నాకు గుచ్చుకుంది, ఎందుకంటే కొన్ని నేనూ పైపైనే చదివాను. నిబంధన ప్రకారం ఆ ప్రాజెక్టు రెండు భాగాలుగా ఉండాలి. ముందు ఒక ఆవాసంలో సామాజిక, ఆర్థిక సర్వే చేసి సమస్యను గుర్తించడం, తరువాత ఆ సమస్య మీద తన సబ్జెక్టుతో ఏదో ఒక పని చేయడం. ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌సీసీ వంటి వాటిలో మామూలుగా చేసే కార్యక్రమాలనే మళ్లీ చూపకూడదన్న షరతు కూడా ఉంది. చాలా చోట్ల సర్వేతోనే ఆగిపోతున్నారు. నా దగ్గర ఒక బృందం మాత్రం పొదుపు సంఘాల పుస్తకాలు తిరగేసి, వడ్డీ లెక్కలో సభ్యురాలు ఎక్కడ నష్టపోతోందో పట్టుకుని, సంఘం సమావేశంలో పలక మీద వేసి చూపించింది. ఆ నలుగురికీ వైవాలో ఒక్క ప్రశ్న కూడా వేయవలసిన అవసరం రాలేదు.

స్టైపెండు విషయంలో మీకు ఊరటనిచ్చే జవాబు నా దగ్గర లేదు. ఇంటర్న్‌షిప్ క్రెడిట్‌కు స్టైపెండు తప్పనిసరి షరతు కాదు, స్టైపెండు తీసుకుంటే క్రెడిట్ పోతుందన్నదీ నిజం కాదు. ఈ రెండో అపోహతో కొందరు పిల్లలు వచ్చిన డబ్బును దాచిపెడుతున్నారు, ఆ అవసరం లేదు.

గుంటూరు ఆడిటర్

తెనాలి అమ్మాయి చేసిన పని చదువుతుంటే మా ఆఫీసే కళ్లముందు కనిపించింది. మేము ఏటా నలుగురైదుగురు విద్యార్థులను తీసుకుంటాము. ఆతిథ్యమిచ్చే సంస్థ వైపు నుంచి ఈ నిబంధనలు ఎలా కనిపిస్తాయో చెబుతాను.

ప్రోగ్రామ్ బుక్‌లో ప్రతి వారానికీ ఒక పట్టిక ఉంటుంది. తేదీ, ఆ రోజు చేసిన పని, దాని నుంచి నేర్చుకున్నది, బాధ్యుడి సంతకం. రోజుకు ఒక గడి. ఇది రోజూ సంతకం చేయవలసిన పుస్తకం. జరిగేదేమిటంటే ఆఖరి శనివారం సాయంత్రం, నేను రిటర్నుల గడువుతో తలమునకలై ఉన్నప్పుడు, నలుగురూ వచ్చి బల్ల మీద నాలుగు పుస్తకాలు పరుస్తారు. ఒక్కొక్క దానిలో నలభై ఎనిమిది గడులు! మొదటి ఏడాది నేనూ ఒకే పెన్నుతో, ఒకే ఊపున, కొండవీటి చాంతాడులా సంతకాలు చేసేశాను. వైవా తీసుకున్న పరీక్షకుడు ఆ పుస్తకం తెరిచి, మొదటి పేజీలోని సంతకం సిరా, చివరి పేజీలోని సంతకం సిరా పక్కపక్కన పెట్టి చూసి, ఒక ఆదివారం తేదీ మీద వేలు పెట్టి, ఆ రోజు ఆఫీసు తెరిచారా అని ఆ అబ్బాయిని అడిగారట. ఆ అబ్బాయి నిజంగా రెండు నెలలూ పనిచేసినవాడే. అయినా నీళ్లు నమిలాడు. తప్పు నాది, మార్కులు పోయింది వాడికి. అప్పటి నుంచి మా ఆఫీసులో నియమం, సాయంత్రం అయిదింటికి టీ వచ్చేలోపు పుస్తకం నా బల్ల మీద లేకపోతే ఆ రోజు గడి ఖాళీయే.

తెనాలి అమ్మాయికి అర్థమయ్యే భాషలో చెప్పాలంటే, ఇది ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మన పన్నులో తగ్గించుకోవడం) లాంటిదే. మీ దగ్గర కొనుగోలు బిల్లు ఉంది, సరుకు వచ్చింది, డబ్బు కట్టారు. కానీ అమ్మినవాడు తన జీఎస్టీఆర్-1లో ఆ బిల్లును చూపకపోతే మీ 2బీలో (కొనుగోళ్ల మీద మీకు దక్కే క్రెడిట్ చూపే జీఎస్టీ పట్టికలో) అది కనిపించదు, కనిపించని దానికి క్రెడిట్ రాదు. మీ సర్టిఫికెట్ ఆ బిల్లు. మీ ఆడిటర్ గారు, మీ కళాశాల, ఇద్దరి రికార్డుల్లోనూ మీ పని ఒకే తేదీలతో కనబడాలి. ఆ ఆఫీసులో హాజరు పట్టీ, టాలీలో మీ పేరుతో యూజర్ ఐడీ ఉండి ఉంటే ఆ ఎంట్రీల వివరం, మీకు పని అప్పగిస్తూ పంపిన వాట్సాప్ సందేశాలు, ఇవన్నీ సాక్ష్యాలే. ఆయనను అడగండి, కాదనరు. ఒక్క జాగ్రత్త, క్లయింట్ల పేర్లు, జీఎస్టీ నంబర్లు, టర్నోవరు అంకెలు మాత్రం నివేదికలో రాయకండి. అవి మీవి కావు, ఆయనవీ కావు.

విజయనగరం కుర్రాడు

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. కేంద్ర ప్రభుత్వ పీఎం ఇంటర్న్‌షిప్ పథకంలో నెలనెలా డబ్బు ఇస్తారు కదా. సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌ను అందులోనే చేస్తే డబ్బూ క్రెడిట్లూ రెండూ దక్కుతాయని మా సీనియర్ చెప్పాడు. నిజమేనా?

ఆర్20 బ్యాచ్

నిజం కాదు తమ్ముడూ. 2024 అక్టోబరులో ప్రయోగాత్మకంగా మొదలైనప్పటి నిబంధనల ప్రకారం ఆ పథకం 21 నుంచి 24 ఏళ్ల వయసులో ఉండి, పూర్తికాల చదువులో గానీ పూర్తికాల ఉద్యోగంలో గానీ లేనివారి కోసం పెట్టింది. అప్పట్లో పన్నెండు నెలలు ఉండేది, అది మీ సెమిస్టర్‌లో ఇమడదు. డిగ్రీ పూర్తయ్యాక ప్రయత్నించండి. చదువులోనే జీతంతో కూడిన శిక్షణ కావాలంటే అప్రెంటిస్‌షిప్ కలిసిన డిగ్రీలని వేరే ఉన్నాయి, అవి చేరేటప్పుడే ఎంచుకోవలసినవి.

డాలస్ నుంచి

నాది తూర్పుగోదావరి, ఇక్కడ టెక్సస్‌లో ఎంఎస్ చేశాను. ఈ చర్చ చదివే వారిలో అమెరికా రావాలనుకునేవారు తప్పకుండా ఉంటారు కాబట్టి రాస్తున్నాను. ఇక్కడ ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవారు క్యాంపస్ బయట ఇంటర్న్‌షిప్ చేయాలంటే సీపీటీ (చదువులో భాగంగా పనిచేసే అనుమతి) కావాలి. దానికి పునాది మీరు చర్చిస్తున్న క్రెడిట్టే. చేసే పని పాఠ్యప్రణాళికలో అంతర్భాగం అయి ఉండాలి, అందుకే చాలా విశ్వవిద్యాలయాలు ఇంటర్న్‌షిప్ కోర్సు అని ఒకటి పెట్టి, దానికి రిజిస్టర్ చేయించి ఫీజు కట్టించుకుంటాయి. వేసవిలో కంపెనీ నాకు జీతమిస్తుంటే, ఆ పని చేసే హక్కు కోసం నేను విశ్వవిద్యాలయానికి ఒక క్రెడిట్ ఫీజు కట్టాను. నవ్వు వచ్చినా అదే పద్ధతి.

సాధారణంగా ఒక పూర్తి విద్యాసంవత్సరం చదివిన తరువాతే సీపీటీ ఇస్తారు, మొదటి నుంచే శిక్షణ తప్పనిసరి అయిన పీజీ కోర్సులకు మినహాయింపు ఉంది. కంపెనీ ఆఫర్ లేఖ చూపించి, విశ్వవిద్యాలయంలోని అధికారి చేత ఐ-20 (విశ్వవిద్యాలయం ఇచ్చే విద్యార్థి హోదా పత్రం) మీద తేదీలతో సహా అనుమతి వేయించుకున్న తరువాతే మొదటి రోజు పనిలోకి వెళ్లాలి. తెనాలి చెల్లెమ్మ పొరపాటు అక్కడ ఆమెకు నాలుగు క్రెడిట్ల దగ్గర ఆగింది, ఇక్కడ అదే పొరపాటు జరిగితే అనుమతి లేని ఉద్యోగం కింద లెక్కకట్టి వీసా హోదాకే ముప్పు తెస్తుంది. వారానికి 20 గంటలకు మించితే పూర్తికాలం అంటారు. పూర్తికాల సీపీటీ పన్నెండు నెలలు నిండితే అదే స్థాయి చదువుకు రావలసిన ఓపీటీ, అంటే చదువుకు సంబంధించిన మరో పని అనుమతి పోతుంది. నా రూమ్‌మేట్ పదకొండో నెలలో వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకున్నాడు.

అమ్మగారు అడిగిన జీతం ప్రశ్న ఇక్కడా ఉంది. క్రెడిట్ ఇచ్చినంత మాత్రాన లాభాపేక్ష గల కంపెనీ జీతం ఎగ్గొట్టడానికి వీల్లేదు. ఆ ఏర్పాటు వల్ల ప్రధానంగా లాభపడుతున్నది విద్యార్థా, కంపెనీయా అని ఏడు అంశాలతో తూచి చూస్తారు. అకడమిక్ క్రెడిట్ ఉండడం ఆ ఏడింటిలో ఒకదానికి సంబంధించిన విషయం, అదొక్కటే తీర్పు చెప్పేయదు.

పాడేరు బీఎస్సీ

ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్ అంటే వీడియో పెట్టి వంట చేసుకోవడమేనని పైన రాశారు. మా వైపు నుంచి కూడా ఒక మాట వినండి. మా కళాశాల చుట్టూ ఫ్యాక్టరీలు లేవు, పెద్ద ఆఫీసులు లేవు. విశాఖ వెళ్లి రెండు నెలలు గది అద్దెకు తీసుకునే స్తోమత మా తరగతిలో ఇద్దరికో ముగ్గురికో ఉంది. నేను ఆన్‌లైన్‌లోనే చేశాను, సిగ్నల్ కోసం చెరువు గట్టు మీద కూర్చుని అసైన్‌మెంట్లు పంపాను. నాకు వచ్చిన నాలుగు క్రెడిట్లు ఎవరి దయాదాక్షిణ్యాల వల్లా రాలేదు.

మెంటార్ మాస్టారు

మీ మాట న్యాయమైనది, ఆన్‌లైన్ అన్నందుకే కొట్టిపారేయకూడదు. నా కొలత ఒక్కటే. ఇచ్చిన పనిని ఎవరైనా దిద్ది వెనక్కి పంపారా? దిద్దిన కాగితం ఉంటే అది ఇంటర్న్‌షిప్, వీడియో నడిచిన నిమిషాలు మాత్రమే ఉంటే అది సినిమా. అయితే మీ జూనియర్లకు ఒక మాట చెప్పండి. మీ దగ్గర పరిశ్రమ లేదనుకోవద్దు. చింతపల్లిలో ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి పరిశోధనా కేంద్రం ఉంది, ఆర్.వి.నగర్‌లో కాఫీ బోర్డు పరిశోధనా కేంద్రం ఉంది, గిరిజన సహకార సంస్థ 1956 నుంచి అటవీ ఉత్పత్తులు కొంటోంది. వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం చదివేవారికి కాఫీ గింజ కన్నా మంచి పాఠం ఎక్కడుంది? మీ ప్రిన్సిపాల్ ఫిబ్రవరిలోనే లేఖలు పంపితే వీటిలో కొందరికైనా చోటు దొరికే అవకాశం ఉంటుంది. మేలో అడిగితే ఎవరూ పలకరు.

పరీక్షల విభాగం

నేను ఒక విశ్వవిద్యాలయంలో పరీక్షల విభాగంలో గుమాస్తాను. ఇంతసేపూ క్రెడిట్ సంపాదించడం గురించే చర్చ జరిగింది, సంపాదించింది ఖాతాలో పడడం గురించి ఎవరూ చెప్పలేదు. 2021 జూలైలో మొదలైన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో (విద్యార్థుల క్రెడిట్లు దాచే ఆన్‌లైన్ ఖాతాల వ్యవస్థ) ప్రతి విద్యార్థికీ ఖాతా ఉండాలి, దాన్ని ప్రభుత్వ పత్రాల యాప్ డిజిలాకర్ ద్వారా తెరుచుకోవచ్చు. ఇప్పుడు అపార్ అనే పన్నెండు అంకెల విద్యార్థి గుర్తింపు సంఖ్యతో ముడిపెడుతున్నారు. మేము ఇక్కడి నుంచి మార్కులు పంపితే అవి ఆ ఖాతాలో జమ కావాలి.

కాకపోవడానికి మా దగ్గర కనిపించే మొదటి కారణం ఇంటిపేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం వెనకాల ఉంటుంది, కళాశాల అడ్మిషన్ రిజిస్టరులో అసలు ఉండదు. కంప్యూటరుకు ఆ ముగ్గురూ ముగ్గురు మనుషులు. మొన్న ఒకమ్మాయికి అన్ని సబ్జెక్టుల క్రెడిట్లూ పడి ఇంటర్న్‌షిప్ నాలుగూ పడలేదు. విచారిస్తే ఇంటర్న్‌షిప్ మార్కుల జాబితాను కళాశాల విడిగా టైపు చేసి పంపింది, అందులో లక్ష్మికి ముందున్న శ్రీ ఎగిరిపోయింది. కాబట్టి సెమిస్టర్ మెమో రాగానే డిజిలాకర్ తెరిచి ఇంటర్న్‌షిప్ వరుసను ప్రత్యేకంగా చూసుకోండి. నెలలోపు చెబితే మేము ఒక్క పూటలో సరిచేస్తాము, పట్టా అప్పుడు చెబితే ఫైలు మూడు బల్లలు తిరగాలి.

తెనాలి వాణిజ్యం

అందరికీ ధన్యవాదాలు. పది రోజుల తరువాత రాస్తున్నందుకు క్షమించండి.

హాజరు పట్టీ ఉంది, అందులో నా సంతకాలు 46 రోజులకు ఉన్నాయి, రెండు రోజులు మా ఊరి జాతరకు వెళ్లాను. ఒక చిన్న నోటు పుస్తకంలో రోజూ ఏ పార్టీ పని చేశానో రాసుకున్న అలవాటు ఇప్పుడు అక్కరకు వచ్చింది. ఆడిటర్ గారు హాజరు పట్టీ నకలు మీద ముద్ర వేసి, నేను చేసిన పనులను వివరిస్తూ రెండు పేజీల లేఖ రాసిచ్చారు. వాటితో ప్రిన్సిపాల్ గారికి వినతిపత్రం ఇచ్చాను. ముందు ఒప్పుకోలేదు. మా విభాగాధిపతి మేడమ్ ఆ ఆఫీసుకు స్వయంగా ఫోన్ చేసి మాట్లాడాక, ఒక కమిటీ ముందు వైవాకు హాజరై పని తెలుసునని నిరూపించుకుంటే విశ్వవిద్యాలయానికి సిఫారసు చేస్తామన్నారు. ప్రోగ్రామ్ బుక్ ఇప్పుడు రాయమన్నారు, కానీ సంతకాల కింద పాత తేదీలు వేయవద్దని, ఈ రోజు తేదీయే వేసి నోటు పుస్తకం ఆధారంగా రాసినట్టు మొదటి పేజీలో పేర్కొనమని మేడమ్ గట్టిగా చెప్పారు. విశ్వవిద్యాలయం ఒప్పుకుంటుందో లేదో ఇంకా తెలియదు. ఒప్పుకోకపోతే వచ్చే సెలవుల్లో మళ్లీ చేయాలి, అప్పుడు మాత్రం అనుమతి లేఖ చేతిలో పెట్టుకునే గడప తొక్కుతాను.

ఒక సందేహం. నేర్చుకున్నది అనే గడిలో ఏమి రాయాలో తెలియడం లేదు. అయిదో వారం బుధవారానికి ఇలా రాశాను, సరిపోతుందా?

"చేసిన పని: టాలీలో కొనుగోలు ఎంట్రీలు చేశాను. నేర్చుకున్నది: టాలీలో కొనుగోలు ఎంట్రీలు ఎలా చేయాలో నేర్చుకున్నాను."

మెంటార్ మాస్టారు

సరిపోదమ్మా. ఆ రెండు గడులూ ఒకటే అయిపోయాయి. మీ నోటు పుస్తకంలో ఆ బుధవారం పేజీ తెరిచి, ఆ రోజు మిమ్మల్ని ఆపిన విషయం ఏమిటో గుర్తు చేసుకుని రాయండి.

తెనాలి వాణిజ్యం

చూశాను. ఆ రోజు ఒక దుకాణం బిల్లులు 31 ఉంటే 2బీలో 28 మాత్రమే కనిపించాయి. మధ్యాహ్నమంతా ఆ మూడింటి కోసమే వెతికాను. ఇలా మార్చాను.

"చేసిన పని: ఒక చిల్లర దుకాణపు 31 కొనుగోలు బిల్లులను 2బీ పట్టికతో సరిచూశాను. మూడు బిల్లులు కనిపించలేదు. నేర్చుకున్నది: వాటిలో రెండింటిని సరఫరాదారు తరువాతి నెలలో చూపాడు, ఒకదానిలో జీఎస్టీ నంబరు ఒక అంకె తప్పు పడింది. బిల్లు చేతిలో ఉన్నంత మాత్రాన ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోకూడదని, సరఫరాదారుకు లేఖ రాసి సరిచేయించాలని తెలుసుకున్నాను."

గుంటూరు ఆడిటర్

ఈ పుస్తకం నా బల్ల మీదికి వస్తే టీ చల్లారినా సరే పూర్తిగా చదివి సంతకం చేస్తాను.

మెంటార్ మాస్టారు

ఇది బాగుంది. వైవాలో ఆ తప్పుపడిన అంకె గురించే అడుగుతారు, ఆ బిల్లు ఏ సరుకుదో గుర్తు పెట్టుకోండి. మిగిలిన 45 రోజులూ ఇలాగే రాసి, పుస్తకం ఇచ్చేముందు మొత్తం నకలు తీయించి ఒకటి ఇంట్లో ఉంచుకోండి.